మైకన్న గొంతుకి జానెడు బోర్డు

ఆ అమ్మాయి షాపులోకి వచ్చేసరికి రాకెట్ ఒక కంప్యూటర్ లోపల రంగురంగుల లైట్లు బిగించి, అవి వంతులవారీగా వెలిగి ఆరుతుంటే తనలో తనే మురిసిపోతున్నాడు.

రాకెట్ అన్నది తల్లి పెట్టిన పేరు కాదు. అతను బిగించిన మొట్టమొదటి కంప్యూటర్ ఆన్ చెయ్యగానే లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తి, కింద ఇస్త్రీ షాపాయన పని వదిలేసి బయటికొచ్చి ఆకాశం వంక చూశాడట. అప్పట్నుంచీ వీధి వీధంతా అతన్ని రాకెట్ అనే పిలుస్తోంది. అతను నొచ్చుకోలేదు సరికదా, షాపుకి కూడా అదే పేరు పెట్టుకున్నాడు.

వచ్చిన అమ్మాయి పలకరింపులేవీ పెట్టుకోకుండా సంచిలోంచి తెల్లటి దిమ్మ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటండీ? ఇటుకా?"

"మీరు చెయ్యబోయే కంప్యూటర్."

రాకెట్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్లాస్టర్‌తో పోతపోసిన దిమ్మ. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. మొత్తం కలిపి బూట్ల డబ్బా కన్నా కాస్త ఎత్తు, అంతే.

"ఇంతకన్నా వెంట్రుకవాసి పెద్దదైనా అరలో పట్టదు. లైట్లు వద్దు. రొద అస్సలు వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో ఆగిపోకూడదు."

"అంటే మీకు కంప్యూటర్ వద్దన్నమాట."

"అంటే మీకు చెయ్యడం రాదన్నమాట."

ఆమె దిమ్మని మళ్ళీ సంచిలో పెట్టుకోబోయింది. రాకెట్ గబుక్కున రెండో కొస పట్టుకున్నాడు. 

"అయ్యో, కోపమెందుకండీ, సరదాకి అన్నాను. ఇంతకీ ల్యాప్‌టాప్ కొనుక్కుంటే పోలేదా?"

"చూశాం. ఈ పని మొదలెట్టగానే సెగలు కక్కుతోంది. ఒకటే మోత. పక్కనే మైకు ఉంటుంది మరి."

"మైకా? పాటలు పాడతారా మీరు?"

"కాదు, నేను పళ్ళు చేస్తాను."

రాకెట్ తల గోక్కున్నాడు. "పళ్ళు చెట్లకి కదండీ కాసేది?"

"నోట్లో పళ్ళు. కట్టుడు పళ్ళు. డెంటల్ ల్యాబ్‌లో పని నాది." అప్పటిదాకా బిగించి ఉన్న ఆమె పెదవులు కొంచెం సడలాయి. తర్వాత గొంతు తగ్గించి అంది, "మైకు మా అన్నయ్యది. ఊళ్ళో అందరూ మైకన్న అంటారే, ఆయనే."

రాకెట్ వెంటనే ఆ రంగు లైట్లు ఆపేశాడు.

మైకన్నని ఎరగనివాళ్ళు ఊళ్ళో లేరు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే గ్రౌండుకి వెళ్ళలేనివాళ్ళు మేడలెక్కి ఆయన కామెంటరీ వినేవాళ్ళు. బంతి కన్నా ముందు ఆయన గొంతే గోల్‌లోకి దూసుకెళ్ళేదని చెప్పుకునేవాళ్ళు. అలాంటి గొంతులో జబ్బు పుట్టింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు. మాట దక్కలేదు.

"ఆస్పత్రివాళ్ళు చెబితే ఒక సంస్థకి రాశాం. అన్నయ్య పాత రికార్డింగులన్నీ తీసుకుని, అచ్చం ఆ గొంతే పలికే సాఫ్ట్‌వేర్ చేసిచ్చారు. టైపు కొడితే చాలు," అందామె. "కానీ అది నడవాలంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఇంట్లో దానికోసం పెట్టిన కంప్యూటర్ బీరువాలో సగం ఉంటుంది. అమ్మాయిల ఫుట్‌బాల్ టోర్నమెంట్‌కి అన్నయ్యని మళ్ళీ రమ్మన్నారు. కామెంటరీ గది చూస్తే పిచ్చుకగూడు. నెట్ నమ్ముకునే పరిస్థితి లేదక్కడ. బ్యాటరీ పెట్టుకునే చోటు కూడా లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క అర."

"చేస్తానండీ," అన్నాడు రాకెట్. ఈసారి నవ్వలేదు.

*

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసినాయన దాదాపు గడప నిండా ఉన్నాడు. గుబురు మీసాలు, మెడ చుట్టూ పల్చటి మఫ్లర్. చేతిలో ఫోను.

"రండి బాబూ, కూర్చోండి," అంది లేత ఆడగొంతు.

రాకెట్ లోపలికి తొంగిచూశాడు. ఎవరూ లేరు.

"అటు కాదు, ఇటు," అంది ఆ గొంతే, మైకన్న చేతిలోంచి. "నా గొంతు లోపల పెద్ద కంప్యూటర్లో ఉంది, గుమ్మం దాకా రాదు. ఫోన్లో తెలుగు వచ్చింది ఈ పిల్లకొక్కదానికే. నవ్వొస్తే నవ్వెయ్. మా చెల్లి మొదటిరోజు నేల మీద పడి దొర్లింది."

"అన్నయ్యా!" వంటింట్లోంచి కేక.

"మీరిద్దరూ నిన్న పోట్లాడుకున్నారట. స్కోరెంత?"

"ఒకటి సున్నా సార్," అన్నాడు రాకెట్ బుద్ధిగా. "ఆవిడే గెలిచారు."

మైకన్న మీసాల కింద నవ్వుతూ చకచకా టైపు కొట్టాడు. ఫోను వయ్యారంగా పలికింది. "కంగారుపడకు. ఇంకా ఫస్ట్ హాఫే."

మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చిన చెల్లెలు అన్నయ్యని ఒక చూపు చూసింది. గ్లాసు అందుకుంటూ రాకెట్ ఆమె వేళ్ళు చూశాడు. గోళ్ళ అంచుల్లో ప్లాస్టర్ పొడి. ఎంత కడిగినా పోనట్టుంది. ఎందుకో ఆ పొడి అతనికి నచ్చింది. ఇంటికెళ్ళేదాకా గుర్తొస్తూనే ఉంది.

*

చిన్న కంప్యూటర్ చెయ్యడంలో కష్టమంతా మదర్‌బోర్డు దగ్గరే. మిగతా భాగాలన్నీ వచ్చి అతుక్కునేది దాని మీదే. పెద్ద బోర్డయితే అన్నీ విశాలంగా పరుచుకుంటాయి. జానెడు బోర్డులో అన్నీ ఇరుకింటి కాపురమే. ఒకదాని వేడి ఇంకొకదానికి తగులుతుంది. ఒకటి కదిలితే ఇంకొకటి సర్దుకోవాలి. అందుకే పట్టుమని పది రకాలు కూడా ఉండవు, ఉన్నవాటిలో ఏది నమ్మదగ్గదో తేల్చడం మహా తలనొప్పి.

రాకెట్‌కి మాత్రం తలనొప్పి రాలేదు. చూసీ చూడగానే ఒకదాని మీద మనసుపడ్డాడు. పాలమీగడలాంటి తెల్లటి బోర్డు. వేడిని పీల్చే చోట వెండి రంగు తొడుగు, దాని మీద సన్నటి చెక్కుడు గీతలు.

"చూడండి ఎంత ముద్దుగా ఉందో," అన్నాడు ఆమెకి చూపిస్తూ.

"మార్కెట్లోకి ఎప్పుడొచ్చింది?"

"సరికొత్తది! ఇప్పుడిప్పుడే వచ్చింది."

"అంటే ఇంకా ఎవరూ కొరికి చూడలేదన్నమాట."

"అందరూ తెగ పొగుడుతున్నారండీ. కావాలంటే రివ్యూలు చదవండి."

"నేను కట్టిన పళ్ళు భలే ఉన్నాయని ఎవరైనా పొగిడితే నాకు భయమేస్తుంది," అందామె. "సరిగ్గా కుదిరిన పళ్ళు నోట్లో ఉన్నట్టే తెలియకూడదు."

"ఇది పళ్ళ సంగతి కాదు కదా. నన్ను నమ్మండి."

ఆమె అతని మొహంలోకి చూసింది. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఉన్నాడు. ఆ సంబరం చూసి ఇంకేం అడగాలనిపించలేదామెకి. "సరే, నమ్ముతున్నాను," అంది.

*

టోర్నమెంట్‌కి ముందు ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టారు. గ్రౌండు పక్కన ఇనుప మెట్లెక్కితే రేకుల కప్పు కింద కామెంటరీ గది. ముగ్గురు నిలబడితే నాలుగోవాడు బయటే. మైకు పక్క అరలో కొత్త కంప్యూటర్ సరిగ్గా, ప్లాస్టర్ దిమ్మ పట్టినట్టే పట్టింది. మైకన్న కీబోర్డు మీద వేళ్ళు పెట్టాడు.

"గ్రౌండుకొచ్చిన పెద్దలకీ, గోడెక్కిన పిల్లలకీ నమస్కారం."

అదే గొంతు. పైనుంచి కింది దాకా జీర, చివర్లో చిన్న విరుపు. టీ అమ్ముతున్నాయన కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గ్రౌండంతా ఈలలు, కేకలు. చెల్లెలు తల పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని రాకెట్ వైపు చూసింది. ఆ చూపు అందుకున్నాక రాకెట్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు.

రెండో సగంలో ఎండ రేకుల మీదికి తిరిగింది.

"ఏడో నంబర్ అందుకుంది. ఒకర్ని దాటింది. ఇద్దర్ని దాటింది. ఇక మిగిలింది గోల్‌కీపర్ ఒక్కతే. ఇదిగో కొట్..."

అక్కడితో ఆగింది. తెర నల్లబడింది. రాకెట్ బటన్ నొక్కాడు. వెలిగింది, మళ్ళీ ఆరింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ అంతే. కింద గోల్ పడింది. చెప్పేవాళ్ళు లేరు.

జనంలోంచి ఎవరో అరిచారు. "ఏం మైకన్నా, మళ్ళీ పోయిందా గొంతు?"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. అంత చెడ్డ నవ్వేం కాదు, అలవాటైన మనిషితో ఆడే వేళాకోళమే. కానీ మైకన్న చేతులు కీబోర్డు మీద బిగుసుకుపోయాయి. కాసేపటికి లేచి, మఫ్లర్ సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె కేకలెయ్యలేదు. వేసి ఉంటే రాకెట్‌కి కొంచెం తేలికపడేది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"మొదలుపెట్టడం మాత్రం మీరు చాలా బాగా మొదలుపెడతారు."

*

షాపులో మూత విప్పి చూశాడు రాకెట్. ప్రాసెసర్‌కి కరెంటు సర్ది ఇచ్చే భాగం మీద ఉండాల్సింది మందమైన లోహం. ఆ వెండి రంగు తొడుగు ఊడదీస్తే కింద ఉన్నది రేకు ముక్క. మిగతాదంతా ప్లాస్టిక్ సోకు. ఏసీ షాపులో అది ఏ తంటా లేకుండా నడిచింది. రేకుల కింద ఎండలో ఉడికిపోయి, తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ మాట ఆమెకి చెప్పడానికి డెంటల్ ల్యాబ్ మెట్లెక్కడమే కష్టమైంది.

లోపల అరల నిండా ప్లాస్టర్ దవడలు, అన్నీ నోళ్ళు తెరిచి తనకేసే చూస్తున్నట్టు. ఆమె కళ్ళకి భూతద్దం తగిలించుకుని ఒక పంటిని చెక్కుతోంది. 

"బోర్డు ఎందుకు పోయిందో తెలిసింది," అన్నాడు. "అయితే తప్పు బోర్డుది కాదు. దాన్ని ఎంచుకున్న నాది."

"ఎందుకు ఎంచుకున్నారు?"

"తెల్లగా ఉందని."

ఆమె భూతద్దం పైకి తోసింది.

"మూత తీసి చూపించినప్పుడు మీ కళ్ళు పెద్దవవుతాయని," అన్నాడు రాకెట్. "వేడెక్కుతోందని ఒకాయన రివ్యూలో రాశాడు. చదివాను. చదివి దాటేశాను."

"అంటే నా కళ్ళ కోసం మా అన్నయ్యని అంతమందిలో కూర్చోబెట్టారు."

"అవునండీ."

ఏదో ఒక సాకు చెబుతాడనుకుంది. వేడి అనో, కంపెనీ మోసం అనో. సమాధానాలు కూడా సిద్ధం చేసి పెట్టుకుంది. అవన్నీ ఇప్పుడెందుకూ పనికిరాకుండా పోయాయి. 

"అన్నయ్య నిన్నట్నుంచి ఫోను కూడా ముట్టుకోలేదు," అంది చివరికి. "ఏం అడిగినా తల ఊపడమే."

"మళ్ళీ చేస్తాను. ఈసారి నేనొక్కణ్ణే ఎంచను. మీరు పక్కన కూర్చోండి. మీకు నమ్మకం కుదిరేదాకా ఒక్క స్క్రూ కూడా బిగించను."

"నేను చాలా ప్రశ్నలు వేస్తాను."

"వెయ్యండి."

"మీరు విసుక్కుంటారు."

"విసుక్కుంటే ఆ దిమ్మ పెట్టి కొట్టండి."

ఆమె నవ్వలేదు. అయితే భూతద్దం మళ్ళీ కళ్ళ మీదికి దించుకోవడానికి కాస్త తొందరపడింది.

*

ఆ సాయంత్రం నుంచి పని అయ్యాక ఆమె షాపుకి రావడం మొదలైంది. రాకెట్ బల్ల మీద రంగు లైట్లన్నీ పక్కకి నెట్టి చోటు చేశాడు. దొరికిన జానెడు బోర్డులన్నీ పరిచాడు. ఆమె ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, అంచుల వెంట చూస్తూ అడిగేది.

"దీని పొట్టలో వేడి ఎటు పోతుంది?"

"పైకి. కానీ పైన గ్రాఫిక్స్ కార్డు అడ్డం."

"అయితే వద్దు. ఇది?"

"ఇది మంచిదే. కాకపోతే కంపెనీవాళ్ళు దీని లోపలి సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ మార్చారు. అంటే మొదట్లో ఏదో సరిగ్గా కుదరలేదనే."

"ఇన్నాళ్ళకైనా కుదిరిందా?"

రాకెట్ వెతికి చూశాడు. కుదరలేదు. ఆ బోర్డు పక్కకి వెళ్ళింది. ఇంకోదానికి పాడైతే బాగుచేసే సర్వీస్ సెంటర్ ఊళ్ళో లేదు. మరోదానికి కరెంటు తీగ తగిలించే చోటు సరిగ్గా ఫ్యాన్ గాలికి అడ్డొచ్చింది. ఇదివరకు ఇలాంటివేవీ రాకెట్ పట్టించుకునేవాడు కాదు. ఎంత వేగం, ఎంత మెరుపు, అంతే చూసేవాడు. ఆమె అడుగుతుంటే తను రోజూ చేసే పనే కొత్తగా కనిపించసాగింది.

చివరికి మిగిలింది ఒక బూడిదరంగు బోర్డు. సోకు లేదు, షోకు లేదు. టికెట్ మెషీన్లు చేసేవాళ్ళు వాడే రకం. మార్కెట్లోకి వచ్చి చాలాకాలమైంది. కరెంటు భాగం మీద వేలెడు మందాన అల్యూమినియం దిమ్మ. కరెంటు పోయి వస్తే ఎవరూ బటన్ నొక్కకుండా తనంతట తనే లేచి నిలబడే ఏర్పాటు కూడా ఉంది.

"దీన్ని ఎవరూ పొగడలేదా?" అడిగిందామె.

"ఒక్కరూ పొగడలేదు. తిట్టినవాళ్ళూ లేరు."

"ఇదే," అంది.

"కానీ ఒక చిక్కుంది. దీని మీద పెద్ద ప్రాసెసర్ పెట్టకూడదు. నెమ్మదిది పెట్టాలి. మీ అన్నయ్య టైపు కొట్టాక గొంతు రావడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. ఆటలో ఒక క్షణమంటే..."

"అది మనం తేల్చేది కాదు. అన్నయ్యనే అడుగుదాం."

మైకన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఫోను బల్ల మీద బోర్లా పడి ఉంది. రాకెట్ ఆయన ఎదురుగా నేల మీదే కూర్చుని ఉన్నదంతా చెప్పాడు, తెల్ల బోర్డు ఎందుకు కొన్నాడో కూడా. చెల్లెలు చెవుల దాకా ఎర్రబడి కిటికీలోంచి వీధి చూడసాగింది.

మైకన్న మెల్లగా ఫోను తిప్పి టైపు కొట్టడం మొదలెట్టాడు. ఎప్పట్లా చకచకా కాదు, ఆగి ఆగి.

"గొంతు ఉన్నప్పుడు కూడా గోల్ పడగానే నేను ఒక క్షణం ఆగేవాణ్ణి," అంది ఆడగొంతు. "ముందు జనం అరుపు వినపడాలి. తర్వాతే నేను. ఆలస్యం పరవాలేదు. సగంలో వదిలెయ్యకూడదు."

రాకెట్ తల ఊపాడు.

మైకన్న చెల్లెలి వైపు ఒకసారి, రాకెట్ వైపు ఒకసారి చూసి ఇంకో ముక్క కొట్టాడు. "బోర్డు గురించే అంటున్నాలే."

*

బిగించేటప్పుడు ఆమె తన సంచిలోంచి సన్నటి నీలం కాగితం తీసింది. పేషెంట్ చేత కొరికించి, పన్ను ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసే కాగితం. దాన్ని ప్రాసెసర్‌కీ, దాని మీద కూర్చుని వేడి లాగే కూలర్‌కీ మధ్య పెట్టి నొక్కి తీస్తే ఒక మూల మాత్రం రంగు అంటలేదు.

"ఇక్కడ తగలడం లేదు. ఒక కాలు ఎత్తుగా ఉంది."

రాకెట్ స్క్రూలు విప్పి చూశాడు. నిజమే, ఒక వాషరు అదనంగా పడింది. తీసేసి మళ్ళీ బిగించాక నీలం నిండుగా అంటింది. "మీరు ఈ పనిలోకి వచ్చేస్తే నా షాపు మూసుకోవాల్సిందే," అన్నాడు.

"మీరు నా పనిలోకి రాకండి. జనానికి తెల్లగా ఉన్నాయని పళ్ళు అంటిస్తారు."

ఆ మాటకి ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఈసారి పరీక్ష ఏసీ షాపులో పెట్టలేదు. మిట్టమధ్యాహ్నం కామెంటరీ గదిలోనే కంప్యూటర్‌ని ఆన్ చేసి, పాత మ్యాచ్‌ల మాటలన్నీ ఆగకుండా చదివించేవాడు. ఎండ తగ్గేదాకా పక్కనే కూర్చునేవాడు. ఆమె భోజనం టైములో డబ్బా పట్టుకుని వచ్చేది. ఇద్దరూ కిటికీ దగ్గర చెరో ముద్దా తింటూ, ఖాళీ గ్రౌండుకి మైకన్న చెప్పే కామెంటరీ వినేవాళ్ళు.

"ఇదివరకు ఏమేం మొదలెట్టి వదిలేశారు?" అని ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"గిటారు. ఈత. ఒకసారి గడ్డం."

"మనుషుల్ని?"

"ఒకమ్మాయిని. నేను వదల్లేదు, ఆమే వదిలేసింది. ఫోన్ చేస్తానని మర్చిపోయేవాణ్ణి. వస్తానని వెళ్ళేవాణ్ణి కాదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి."

ఆమె డబ్బా మూత పెట్టింది. "నాకు నమ్మకం కుదరడం చాలా ఆలస్యమండీ. బోర్డయితే ఆ లోహం మందం చూస్తే తెలిసిపోతుంది. మనిషిలో ఎక్కడ చూడాలో తెలియడం లేదు."

"తీసుకొచ్చి రేకుల కింద కూర్చోబెట్టి చూడండి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నుదుటి మీంచి చెమట ముక్కు కొసకి జారి అక్కడ వేలాడుతోంది.

"ప్రస్తుతం అదే చేస్తున్నా కదా," అంది.

రాకెట్‌కి ఆ మాట అర్థమయ్యేసరికి బయట చినుకులు మొదలయ్యాయి. రేకుల మీద టపటపమని పది చినుకులు, ఆ వెంటే ఒక్కసారిగా హోరు. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. వినపడకపోవడమే ఇద్దరికీ హాయిగా ఉంది. అరలో బూడిదరంగు బోర్డు మాత్రం తన పాటికి తను పనిచేసుకుంటూ పోయింది.

*

టోర్నమెంట్ మొదటి మ్యాచ్ రోజు మైకన్న ఇనుప మెట్ల దగ్గర కాస్త తటపటాయించాడు. చెల్లెలు ఏదో అనబోయింది. రాకెట్ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మీసం ఒకసారి దువ్వుకుని, తనే ఎక్కాడు.

మొదటి సగం సాఫీగా సాగిపోయింది. గోల్ పడ్డప్పుడు ముందు జనం అరిచారు. ఆ అరుపు తగ్గుతుండగా ఆ గొంతు తాపీగా వచ్చి దాని మీద కూర్చుంది. "పడింది. నేను చెప్పక్కర్లేదు. మీరు చూశారు." జనం మళ్ళీ అరిచారు.

రెండో సగంలో మబ్బు కమ్మింది. ఎక్కడో ఉరిమింది. ఏడో నంబర్ బంతి తీసుకుని పరిగెడుతుండగా కరెంటు పోయింది.

స్పీకర్లు మూగబోయాయి. తెర నల్లబడింది. కింద జనం తలలు కామెంటరీ గది వైపు తిరిగాయి. మైకన్న చేతులు కీబోర్డు మీద బిగుసుకోవడం రాకెట్ చూశాడు. ఆమె చెయ్యి వచ్చి తన మోచేతిని పట్టుకోవడం కూడా తెలిసింది. గట్టిగా పట్టుకుంది.

కరెంటు వచ్చింది. ఎవరూ బటన్ నొక్కలేదు. అరలో చిన్న పచ్చ దీపం వెలిగింది. ఫ్యాను ఊపిరి తీసుకున్నట్టు మెల్లగా తిరిగింది. కాసేపటికి తెర తెల్లబడింది. మైకన్న వేళ్ళు కదిలాయి.

"కరెంటు వెళ్ళొచ్చింది. ఏడో నంబర్ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. బంతి మళ్ళీ ఆమె దగ్గరే ఉంది చూడండి."

గ్రౌండంతా ఘొల్లుమంది. ఈసారి ఆ నవ్వు ఆయనతో కలిసి నవ్విన నవ్వు. మైకన్న కూడా భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. ఆమె అప్పటికీ మోచెయ్యి వదల్లేదు.

మ్యాచ్ అయిపోయి జనం వెళ్ళిపోతున్నారు. వాన సన్నగా మొదలైంది. మైకన్న మైకు కట్టేసి, వీళ్ళకి వీపు పెట్టి కీబోర్డు తుడవసాగాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఇక ఈ మెషీన్‌కి మీతో పని లేదు కదా," అందామె.

"లేదండీ. దాని బతుకు అది బతుకుతుంది."

"అయినా రేపు వస్తారా?"

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా."

వాగుడుకాయ రాకెట్ ఈసారి చమత్కారాలేవీ వెతుక్కోలేదు. "నువ్వంటే నాకు ఇష్టం," అన్నాడు. "దీన్ని గొప్పగా చెప్పాలని ఇంట్లో అద్దం ముందు చాలా తంటాలు పడ్డాను. అన్నీ వెండి తొడుగుల్లా ఉన్నాయి. అందుకే ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నా."

"ఇప్పుడు నన్ను నువ్వు అన్నారు."

"పొరపాటున వచ్చేసింది. వెనక్కి తీసుకోమంటారా?"

"వద్దు. ఉండనీ." ప్లాస్టర్ అంటిన వేళ్ళతో అతని చొక్కా చేతి మడత సరిచేస్తూ అంది, "నాక్కూడా ఇష్టమే. నువ్వు వస్తానన్న ప్రతిసారీ వచ్చావు. నేను చూస్తూనే ఉన్నాను."

అరలోంచి జీర గొంతు పలికింది. "నేను ఏమీ వినడం లేదు."

"అన్నయ్యా!"

రాకెట్ మైకన్న ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సార్. మీరు సరేనంటే మా అమ్మని తీసుకుని ఒకసారి మీతో మాట్లాడటానికి..."

మైకన్న కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. కొద్దిసేపటి క్రితం గ్రౌండు మొత్తాన్ని ఊపేసిన గొంతు ఆయన వేళ్ళ కిందే ఉంది. కావాలంటే ఇప్పుడు ఒక ప్రసంగమే ఇవ్వగలడు. కానీ కంప్యూటర్ ఆపేశాడు. రాకెట్ భుజం మీద చెయ్యేసి, తన వైపు తిప్పుకుని, పెదాలతోనే రెండు మాటలు పలికాడు. చప్పుడేమీ రాలేదు.

ఆ పెదాలు చదవడం చెల్లెలికి అలవాటే. చెప్పబోయి ఆగింది. రాకెట్ మొహం చూస్తే చెప్పాల్సిన అవసరం లేదని తెలిసిపోయింది.

ఆయన అన్నది "ఇంటికి రా" అని.

కంప్యూటర్‌ని సంచిలో పెట్టి, తడవకుండా పైన మైకన్న మఫ్లర్ కప్పారు. సంచికి ఒక పిడి రాకెట్ పట్టుకున్నాడు, రెండోది ఆమె పట్టుకుంది. ఇనుప మెట్లు తడిసి జారుతున్నాయి. మైకన్న ముందు దిగుతూ, ఒక్కో మెట్టు దగ్గరా వెనక్కి తిరిగి, చూసి అడుగెయ్యమని ఇద్దరికీ చెయ్యి చూపించాడు.